బుద్ధి అనే కట్టుతాడు

కొద్దికాలం క్రితం ఒక తండ్రి తన పదేళ్ల కుమారుణ్ణి వెంటబెట్టుకుని మా దగ్గరకు వచ్చారు. "మౌలానా సాబ్! వీడికి బుద్ధి తక్కువండీ. పొద్దున చెప్పిన పాఠం సాయంత్రానికి మరచిపోతాడు. జ్ఞాపకశక్తి పెరగటానికి ఏదైనా దుఆ ఉంటే చెప్పండి, మందు ఉంటే అదైనా చెప్పండి" అన్నారు. తండ్రి మాట్లాడుతున్నంతసేపూ పిల్లవాడు తలవంచుకుని చాప అంచును కాలివేలితో గీరుతూ నిలబడ్డాడు.

అదే వారంలో మరొక సోదరుడు వచ్చారు. ఆయన తండ్రి డెబ్బై దాటిన హాఫిజ్. ఎన్నో రమజాన్లు తరావీహ్ నమాజ్ చేయించిన పెద్దమనిషి. "అబ్బా ఇప్పుడు చేసిన నమాజే మళ్లీ మళ్లీ చేస్తున్నారు. మొన్న నన్ను చూసి 'నువ్వెవరు బాబూ?' అని అడిగారు. ఇంట్లోవాళ్లు విసుక్కుంటున్నారు. ఏం చేయాలో తోచటం లేదు" అంటూ కళ్లు తుడుచుకున్నారు.

ఒకరిది పిల్లవాడి గురించిన ఆందోళన. మరొకరిది తండ్రి గురించిన దుఃఖం. కాని ఇద్దరి ప్రశ్నకూ మూలం ఒక్కటే. బుద్ధి అంటే ఏమిటి? అది మనిషికి ఎలా వస్తుంది, ఎలా నిలుస్తుంది? మేము ఆ ఇద్దరికీ ముక్కలు ముక్కలుగా చెప్పిన విషయాలను ఇక్కడ కాస్త వివరంగా పాఠకుల ముందుంచుతున్నాము.

'అఖ్ల్' అనే మాటలోనే ఉన్న పాఠం

అరబీ భాషలో బుద్ధిని 'అఖ్ల్' అంటారు. ఉర్దూ మాట్లాడే మన ఇళ్లలో కూడా ఈ మాట నిత్యం వినిపిస్తుంది. పిల్లవాడు చిన్న పొరపాటు చేస్తే చాలు, "అఖల్ నై క్యా తేరెకు?" అని కసురుతాం. అయితే ఈ మాటకు అసలు అర్థం ఏమిటో చాలామంది ఆలోచించరు.

ఈ ధాతువుకు కట్టటం, ఆపి ఉంచటం అనే అర్థాలున్నాయి. కూర్చున్న ఒంటె లేచి వెళ్లిపోకుండా దాని ముంగాలిని మడిచి ఒక తాడుతో కడతారు. ఆ తాడును 'ఇఖాల్' అంటారు. 'అఖ్ల్', 'ఇఖాల్' రెండూ ఒకే ధాతువు నుండి పుట్టిన మాటలు. అంటే అరబ్బుల దృష్టిలో బుద్ధి మనిషి తలలో దాచిపెట్టిన నిధి కాదు. పారిపోయేదాన్ని పట్టి ఉంచే తాడు. మనసును చెడు వైపుకు పోనివ్వకుండా ఆపేది బుద్ధి. నేర్చిన విషయాన్ని చేజారిపోకుండా పట్టి ఉంచేది కూడా బుద్ధే.

ఇంకొక విషయం గమనించండి. దివ్య ఖుర్ఆన్‌లో 'అఖ్ల్' అనే నామవాచకం ఒక్క చోట కూడా రాలేదు. ఆ ధాతువు నుండి ఏర్పడిన క్రియాపదాలు మాత్రం 49 చోట్ల వచ్చాయి. ఎవరికి ఎంత బుద్ధి ఉంది అన్న లెక్క అక్కడ కనిపించదు. బుద్ధిని ఉపయోగిస్తున్నారా లేదా అన్న ప్రశ్న మాత్రం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. బుద్ధి మన దగ్గర ఊరికే ఉండే వస్తువు కాదు, మనం చేసే పని అని దీని ద్వారా మనకు అర్థమవుతోంది.

బుద్ధిని కొలవవచ్చా?

ఆధునిక కాలంలో బుద్ధిని కొలిచే పరీక్ష మొదట ఫ్రాన్సులో తయారైంది. 1905లో ఆల్ఫ్రెడ్ బినే అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త తన సహచరుడు థియోడర్ సిమోన్‌తో కలిసి దాన్ని రూపొందించాడు. దాని ఉద్దేశం పిల్లలపై తెలివైనవాడు, తెలివితక్కువవాడు అని ముద్ర వేయటం కాదు. బడిలో వెనుకబడుతున్న పిల్లలను గుర్తించి వారికి ప్రత్యేకంగా సహాయం చేయటం. బుద్ధి పుట్టుకతో నిర్ణయమైపోయిన పరిమాణం, ఇక పెరగదు అనే వాదనను బినే గట్టిగా ఖండించాడు. తగిన అభ్యాసంతో పిల్లల ఏకాగ్రత, జ్ఞాపకం, వివేచన మెరుగవుతాయని రాశాడు. 1912లో జర్మనీకి చెందిన విలియం స్టెర్న్ 'ఐక్యూ' అనే లెక్కను ప్రవేశపెట్టాడు. ఆ తరువాత ఆ పరీక్ష ఎక్కడెక్కడికో వెళ్లింది. సహాయం చేయటానికి పుట్టిన కొలబద్ద చాలాచోట్ల ముద్ర వేసే పనిముట్టుగా మారిపోయింది.

తల్లిదండ్రుల నుండి సంక్రమించే గుణాలకు బుద్ధిలో పాత్ర లేదని ఎవరూ అనలేరు. కాని పరిసరాల పాత్ర కూడా చిన్నదేమీ కాదు. జేమ్స్ ఫ్లిన్ అనే పరిశోధకుడు 1984లో ఒక ఆసక్తికరమైన విషయాన్ని బయటపెట్టాడు. 1932 నుండి 1978 వరకు అమెరికన్ల సగటు ఐక్యూ సుమారు 14 పాయింట్లు పెరిగింది. నలభై ఆరేళ్లలో ఒక జాతి రక్తం మారిపోదు కదా! మారినవి బడి, ఆహారం, ఆరోగ్యం, ఆలోచించే అలవాటు వంటివే కావాలి.

ఆహారానికి ఒక్క ఉదాహరణ చూద్దాం. గర్భిణికి, పసిబిడ్డకు అయోడిన్ చాలకపోతే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అయోడిన్ కలిపిన ఉప్పు వాడటం వంటి చిన్న పనితో ఆ నష్టాన్ని ఆపవచ్చు. ఇలాంటి కారణాలు ఉండగా, పిల్లవాడి నుదుటిపై 'మొద్దు' అని రాసి చేతులు దులుపుకోవటం న్యాయమేనా? ఆలోచించండి.

మేము హిఫ్జ్ చదువుతున్న రోజుల్లో మాతోపాటు ఒక అబ్బాయి ఉండేవాడు. ఉదయం పాఠం అప్పజెప్పే వేళకు అతని గొంతు ఆరిపోయేది. తెలిసిన వాక్యం కూడా నోట రాక దెబ్బలు తినేవాడు. అమ్మపారా పూర్తికాకుండానే మదరసా విడిచి వెళ్లిపోయాడు. అతనికి బుద్ధి లేదని మేమందరం నమ్మాము. చాలా ఏళ్ల తరువాత అతణ్ణి ఒక మెకానిక్ షెడ్డులో చూశాము. బండి స్టార్ట్ చేసి, శబ్దం విని, విప్పకుండానే లోపం ఎక్కడుందో చెబుతున్నాడు. ఏ బండికి ఏ భాగం ఎప్పుడు మార్చాడో పుస్తకం చూడకుండా చెబుతున్నాడు. ఆ రోజు మేము సిగ్గుపడ్డాము. అతనిలో లోపించింది బుద్ధి కాదు. భయం లేని ఒక ఉదయం అతనికి లభించలేదు, అంతే. మనిషి తీవ్రమైన భయంలో ఉన్నప్పుడు బాగా తెలిసిన విషయం కూడా గుర్తుకు రాదని ఇప్పుడు శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఆ సంగతి తెలుసుకోవటానికి మాకు పరిశోధనతో పనిలేదు, ఆ అబ్బాయి ముఖం గుర్తు చేసుకుంటే చాలు.

మెదడు - సృష్టికర్త మహిమ

పెద్దవారి మెదడు బరువు దాదాపు 1300 నుండి 1400 గ్రాములు. శరీరం బరువులో ఇది సుమారు 2 శాతం మాత్రమే. కాని శరీరం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చుచేసే శక్తిలో దాదాపు 20 శాతాన్ని ఇదొక్కటే వాడుకుంటుంది. ఇందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని 2009లో ప్రచురితమైన ఒక లెక్క చెబుతోంది. ఒక్కొక్క కణం వేలాది ఇతర కణాలతో సంబంధం కలిగి ఉంటుంది. మనం ఒక విషయం నేర్చుకున్నప్పుడు ఈ సంబంధాల్లో కొన్ని బలపడతాయి. వాడకపోతే బలహీనపడతాయి. పొలంలో నడిచే కొద్దీ కాలిబాట ఏర్పడుతుంది, నడవటం మానేస్తే గడ్డి మొలుస్తుంది. ఇదీ అలాంటిదే.

మెదడు లోపల రెండు పక్కలా సముద్రపు గుర్రం అనే చేప ఆకారంలో చిన్న భాగాలున్నాయి. వాటిని హిప్పోక్యాంపస్ అంటారు. కొత్త విషయాలు జ్ఞాపకంగా మారటానికి ఇవి అవసరం. ఈ సంగతి ఒక రోగి ద్వారా ప్రపంచానికి తెలిసింది. అమెరికాకు చెందిన హెన్రీ మొలైసన్‌కు మూర్ఛవ్యాధి తగ్గించటం కోసం 1953లో శస్త్రచికిత్స చేసి ఈ భాగాల్లో చాలావరకు తొలగించారు. అప్పుడు ఆయన వయస్సు 27 సంవత్సరాలు. మూర్ఛ తగ్గింది గాని, కొత్త జ్ఞాపకం నిలవటం ఆగిపోయింది. అయితే బ్రెండా మిల్నర్ అనే పరిశోధకురాలు ఒక వింత గమనించారు. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయటాన్ని ఆయనకు నేర్పిస్తే రోజురోజుకూ ఆయన చేయి మెరుగైంది. కాని ఆ పని ముందు ఎప్పుడైనా చేసినట్లు ఆయనకు ఏమాత్రం గుర్తులేదు! అంటే జ్ఞాపకం ఒక్క రకం కాదు. జరిగిన సంగతిని గుర్తుంచుకునే జ్ఞాపకం వేరు, అభ్యాసంతో ఒంటబట్టిన జ్ఞాపకం వేరు. ఈ తేడాను గుర్తుంచుకోండి, ముందు మనకు అవసరమవుతుంది.

అభ్యాసం వల్ల మెదడు నిజంగానే మారుతుందా? లండన్‌లో ట్యాక్సీ నడపటానికి లైసెన్సు కావాలంటే నగరంలోని సుమారు 25,000 వీధులను కంఠస్థం చేయాలి. దీనికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఎలినార్ మగ్వైర్ బృందం 2000లో ఆ డ్రైవర్ల మెదళ్లను పరిశీలించి, హిప్పోక్యాంపస్ వెనుక భాగం వారిలో ఇతరుల కంటే పెద్దదిగా ఉందని ప్రకటించింది. పుట్టుకతోనే అలా ఉన్నవారు ఈ వృత్తిలోకి వస్తున్నారేమో అన్న సందేహం రావచ్చు. అందుకే శిక్షణకు ముందూ, తరువాతా పరీక్షించి చూశారు. 2011లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, చదివి ఉత్తీర్ణులైన వారిలో ఆ భాగం పెరిగింది. ఉత్తీర్ణులు కానివారిలో ఆ మార్పు కనిపించలేదు. శ్రమించినవారి మెదడులో ఆ శ్రమ గుర్తు మిగులుతుందన్నమాట.

మరుపు నేరం కాదు

ఇప్పుడు ఆ తండ్రి ఫిర్యాదుకు వద్దాం. "పొద్దున చెప్పింది సాయంత్రానికి మరచిపోతున్నాడు."

జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల గుంపులను కంఠస్థం చేసి, ఎంతకాలంలో ఎంత మరచిపోతున్నాడో తనమీద తానే పరీక్షించుకున్నాడు. 1885లో ఆ ఫలితాలు ప్రచురించాడు. మళ్లీ నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ ఆదా అయిందో చూసి ఆయన లెక్క కట్టాడు. 20 నిమిషాల తరువాత సుమారు 58 శాతం, గంట తరువాత 44 శాతం, ఒక రోజు తరువాత 34 శాతం, నెల రోజుల తరువాత 21 శాతం మిగిలింది. అంటే మరుపులో పెద్దభాగం మొదటి గంటలోనే జరిగిపోతుంది! పెద్ద శాస్త్రవేత్తకే ఇలా జరిగితే, పొద్దున ఒక్కసారి చదివిన పిల్లవాడు సాయంత్రానికి మరచిపోవటంలో ఆశ్చర్యం ఏముంది? అది మనిషి స్వభావం.

ఈ స్వభావాన్ని మహాప్రవక్త ముహమ్మద్ (స) ఎంత చక్కగా వివరించారో చూడండి. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఒక హదీసులో ఆయన (స) ఖుర్ఆన్ నేర్చినవాణ్ణి కాళ్లు కట్టిన ఒంటెల యజమానితో పోల్చారు. కనిపెట్టుకుని ఉంటే అవి అతని దగ్గరే ఉంటాయి. వదిలేస్తే వెళ్లిపోతాయి. ఈ హదీసులో ఒంటెలకు వాడిన విశేషణం కూడా 'అఖ్ల్' ధాతువు నుండి వచ్చిందే! ఒంటె పారిపోయిందని ఎవరూ ఒంటెను తప్పుపట్టరు. పారిపోవటం దాని స్వభావం. తాడు చూసుకోవటం యజమాని పని.

మదరసాలో తాడు కట్టే పద్ధతి

ముప్ఫై పారాల ఖుర్ఆన్‌ను పదేళ్ల పిల్లలు కంఠస్థం చేయటం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. వాళ్లందరూ అసాధారణ మేధావులేమీ కాదు. అక్కడ ఉన్నది ఒక క్రమం. ప్రతి రోజూ పిల్లవాడు మూడు రకాల పాఠాలు అప్పజెబుతాడు. కొత్తగా నేర్చినది 'సబఖ్'. గత కొద్ది రోజుల్లో నేర్చినది 'సబఖ్ పారా'. ఎప్పుడో పూర్తయిన పాత పారాలు 'ఆమూఖ్తా'. కొత్తది నిన్నటిని మింగేయకుండా, నిన్నటిది మొన్నటిని మరుగుపరచకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది.

సుమారు ఎనిమిది వందల ఏళ్ల క్రితం ఇమామ్ జర్నూజీ (రహ్మ) విద్యార్థుల కోసం 'తాలీముల్ ముతఅల్లిమ్' అనే చిన్న పుస్తకం రాశారు. అందులో ఆయన ఒక లెక్క చెప్పారు. నిన్నటి పాఠాన్ని ఐదుసార్లు, మొన్నటి దాన్ని నాలుగుసార్లు, అంతకుముందుదాన్ని మూడుసార్లు, దాని ముందుదాన్ని రెండుసార్లు, ఇంకా ముందుదాన్ని ఒకసారి మననం చేయమన్నారు. పాఠం పాతబడే కొద్దీ మననం తగ్గుతుంది గాని ఆగిపోదు. ఒకేరోజు వందసార్లు చదవటం కంటే కొన్ని రోజుల ఎడంతో తిరిగి చదవటం ఎక్కువ ఫలితమిస్తుందని నేటి మనోవిజ్ఞానం కూడా చెబుతోంది.

ఇంకొక రహస్యం అప్పజెప్పటంలో ఉంది. పుస్తకం మూసి ఉస్తాద్ ముందు కూర్చుని చెప్పటం చాలామందికి కేవలం పరీక్షగా కనిపిస్తుంది. నిజానికి అది నేర్చుకోవటంలో భాగమే. రోడిగర్, కార్పికి అనే ఇద్దరు పరిశోధకులు 2006లో విద్యార్థులకు ఒక గద్యభాగం ఇచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు. మిగిలినవారిని చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయమన్నారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారే ముందున్నారు. కాని వారం తరువాత, మళ్లీ చదివినవారికి సుమారు 42 శాతం గుర్తుంటే, చూడకుండా గుర్తు తెచ్చుకున్నవారికి 56 శాతం గుర్తుంది. పరీక్షకు ముందు రాత్రి పుస్తకాన్ని పదిసార్లు తిరగేసే విద్యార్థులు ఈ విషయం గమనించాలి. పుస్తకం మూయండి. గుర్తు తెచ్చుకోండి. తప్పితే తెరచి చూడండి. తరావీహ్‌లో ఇమామ్ ఆగిపోతే వెనుకనున్న హాఫిజ్ ఒక్క మాట అందించి ముందుకు సాగనిస్తాడు. దాన్ని మనం 'లుఖ్మా' ఇవ్వటం అంటాం, అంటే ముద్ద అందించటం. ఎంత చక్కని మాట! ఆగిపోయినవాడికి ఇవ్వవలసింది దెబ్బ కాదు, ముద్ద.

ఇక్కడ మా మదరసాల లోపాన్ని కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. అర్థం తెలియని కంఠస్థంతోనే ఆగిపోతే బుద్ధికి సగం తాడే కట్టినట్లు. ప్రవక్త సహచరులు కొందరు పది ఆయతులు నేర్చుకుని, వాటి అర్థాన్ని గ్రహించి, ఆచరించిన తరువాతనే ముందుకు వెళ్లేవారని ఉల్లేఖనాల్లో ఉంది. ఇమామ్ బుఖారీ (రహ్మ) బగ్దాద్ వెళ్లినప్పుడు జరిగిన పరీక్షను చరిత్రకారులు రాశారు. పదిమంది కలిసి వంద హదీసుల ఉల్లేఖకుల పేర్లను తారుమారు చేసి ఆయన ముందు చదివారు. ఆయన అన్నీ విని, ఒక్కొక్కదాన్ని సరైన పేర్లతో సరిచేసి చెప్పారు. ఎవరు ఎవరి శిష్యులో, ఎవరు ఎవరి నుండి విన్నారో ఆ సంబంధమంతా ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. అర్థమైన విషయం మరో విషయాన్ని పట్టుకుని ఉంటుంది, అందుకే తొందరగా జారిపోదు.

జ్ఞాపకశక్తికి మందు ఏమిటని అడిగితే, జ్ఞానం పట్ల తీవ్రమైన ఆసక్తి, విడవకుండా చదవటం కంటే మేలైనది తనకు తెలియదనే భావం వచ్చేలా ఇమామ్ బుఖారీ (రహ్మ) జవాబిచ్చారని చెబుతారు. మందు అడిగిన ఆ తండ్రికి మేము చెప్పిన జవాబు కూడా ఇదే.

నిద్ర, తిండి, నడక

మందు మాట వచ్చింది గనుక ఒక వివరణ అవసరం. ఇమామ్ జర్నూజీ (రహ్మ) తన పుస్తకంలో పరగడుపున 21 ఎర్ర ఎండుద్రాక్షలు తింటే జ్ఞాపకం పెరుగుతుందని కూడా రాశారు. అది ఆ కాలపు వైద్యుల మాట, ధర్మాదేశం కాదు. ఎండుద్రాక్ష మంచి ఆహారమే, తినండి. కాని పాఠం చదవకుండా ఎండుద్రాక్ష తింటే పాఠం రాదు. మార్కెట్లో అమ్మే 'మెమరీ' టానిక్కుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

నిద్ర విషయం మాత్రం గట్టిగా చెప్పవచ్చు. 1924లో అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు చేసిన ప్రయోగంలో, నేర్చుకున్న తరువాత మేలుకొని ఉన్నప్పటికంటే నిద్రపోయినప్పుడు మరుపు తక్కువగా ఉందని తేలింది. నిద్రలో మెదడు నేర్చిన విషయాన్ని పదిలపరుస్తుందని ఆ తరువాత జరిగిన అనేక పరిశోధనలు చెప్పాయి. ఇషా నమాజ్ తరువాత కబుర్లతో కాలక్షేపం చేయటాన్ని దైవప్రవక్త (స) ఇష్టపడలేదు. నేడు ఆ కబుర్లు సెల్‌ఫోన్‌లోకి చేరాయి. అర్ధరాత్రి దాటాక పడుకున్న పిల్లవాణ్ణి ఫజ్ర్ వేళకు లేపి, పాఠం రాలేదని కోప్పడటం న్యాయం కాదు.

నడక కూడా మెదడుకు మేలు చేస్తుంది. 2011లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 120 మంది వృద్ధులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున ఏడాదిపాటు నడిచింది. వారి హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే తేలికపాటి వ్యాయామం మాత్రమే చేసినవారిలో అది కొంత తగ్గింది. ఇది చిన్న అధ్యయనమే. అయినా మసీదుకు బండి మీద కాక నడిచి వెళ్లటానికి మనకు పుణ్యంతోపాటు మరో కారణం కూడా దొరికింది.

మన ఇంట్లోని రెండు భాషలు

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, మదరసాలో అరబీ, కార్యాలయంలో ఇంగ్లీషు. "ఇన్ని భాషలతో పిల్లల బుర్ర పాడవుతుంది" అని కొందరు భయపడతారు. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో జరిగిన ఒక అధ్యయనం ఇందుకు భిన్నమైన విషయం చెబుతోంది. డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధితో వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించారు. వారిలో 391 మంది రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష వచ్చినవారితో పోలిస్తే వీరిలో వ్యాధి సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదవటం, రాయటం రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ కలగలిసిన మన ప్రాంతపు సామాన్య జీవితమే ఒక అభ్యాసంగా పనిచేసి ఉండవచ్చు. ఇతర దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ ఇదే ఫలితాన్ని ఇవ్వలేదన్న మాట కూడా చెప్పాలి. అయినా ఉర్దూ వదిలేస్తేనే తెలుగు వస్తుంది, తెలుగు వదిలేస్తేనే ధర్మం నిలుస్తుంది అనే వాదాలు రెండూ సరికావు. మేము రెండు లిపుల్లో చదువుకున్నాము. ఒకటి మరొకదానికి అడ్డు వచ్చిన సందర్భం మాకు కనిపించలేదు.

తాడు తెగిపోతున్నప్పుడు

ఇక ఆ వృద్ధ హాఫిజ్ గారి విషయం. వయసుతోపాటు కొంత మరుపు సహజం. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరచిపోవటం వ్యాధి కాదు. కాని అడిగినదే పదేపదే అడగటం, రోజూ నడిచే దారి తప్పిపోవటం, డబ్బు లెక్క చూసుకోలేకపోవటం, అయినవారిని గుర్తుపట్టలేకపోవటం కనిపిస్తే వైద్యునికి చూపించాలి. "ముసలితనం, ఇంతే" అని ఊరుకోవద్దు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మానసిక కుంగుబాటు, కొన్ని మందుల ప్రభావం వల్ల కూడా మతిమరుపు రావచ్చు. వీటికి చికిత్స ఉంది.

లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో 14 కారణాలను పేర్కొంది. చదువు తక్కువ కావటం, వినికిడి లోపం, చూపు లోపం, రక్తపోటు, మధుమేహం, కొలెస్ట్రాల్, స్థూలకాయం, పొగతాగటం, అతిగా మద్యం, శారీరక శ్రమ లేకపోవటం, కుంగుబాటు, తలకు దెబ్బ, కలుషితమైన గాలి, ఒంటరితనం. వీటన్నిటినీ సరిదిద్దగలిగితే ప్రపంచంలోని డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం నివారించవచ్చు, లేదా ఆలస్యం చేయవచ్చు అని ఆ సంఘం అంచనా. ఈ జాబితాలోని వినికిడి, చూపు, ఒంటరితనం అనే మూడింటిని చూడండి. తండ్రికి వినికిడి యంత్రం కొనివ్వటం, తల్లికి కళ్లు పరీక్ష చేయించటం, రోజూ వారి పక్కన కూర్చుని మాట్లాడటం సంతానం చేయగలిగిన పనులే.

అయితే ఎంత జాగ్రత్తపడినా కొందరికి ఈ వ్యాధి వస్తుంది. హాఫిజ్‌కూ వస్తుంది, ఆలిమ్‌కూ వస్తుంది. ఇది పాపానికి శిక్ష అని ఎవరూ తీర్పు చెప్పకూడదు. అన్నీ తెలిసిన తరువాత ఏమీ తెలియని స్థితికి చేరే వృద్ధాప్యం కొందరికి వస్తుందని దివ్య ఖుర్ఆనే ముందుగా తెలియజేసింది. బుద్ధి కోల్పోయినవాని నుండి కర్మలు రాసే కలం ఎత్తివేయబడుతుందని దైవప్రవక్త (స) చెప్పారు. అల్లాహ్ లెక్క అడగని మనిషిని మనం ఎందుకు కసరాలి? వృద్ధులైన తల్లిదండ్రుల ముందు విసుగుతో 'ఉఫ్' అని కూడా అనవద్దన్న ఆదేశం మనందరికీ తెలుసు. అడిగినదే పదోసారి అడిగే తండ్రికి పదోసారి కూడా మొదటిసారిలాగే జవాబు చెప్పటంలోనే ఆ ఆదేశానికి పరీక్ష ఉంది. చిన్నప్పుడు మనం ఒకే ప్రశ్న ఎన్నిసార్లు అడిగామో ఆయన లెక్కపెట్టలేదు.

మేము ఆ పెద్దాయనను చూడటానికి వెళ్లాము. ఆయన మమ్మల్ని గుర్తుపట్టలేదు. పక్కన కూర్చుని మెల్లగా సూరె యాసీన్ మొదలుపెట్టాము. రెండో ఆయతు నుండి ఆయన గొంతు కలిపారు. మధ్యలో మేము కావాలనే ఆగితే, ఆయనే లుఖ్మా ఇచ్చారు! కుమారుడి పేరు గుర్తులేని తండ్రి నోట ఒక్క అక్షరం తప్పలేదు. అభ్యాసంతో ఒంటబట్టిన జ్ఞాపకం వేరని మనం పైన చదివాం కదా. అరవై ఏళ్లపాటు రోజూ కట్టిన తాడు అది. మిగతావి తెగినా అది ఇంకా పట్టి ఉంచుతోంది. "రోజూ ఇలా కాసేపు ఆయనతో కలిసి చదువు బేటా. నీ పేరు గుర్తులేకపోయినా నీ గొంతు ఆయనకు తోడుగా ఉంటుంది" అని కుమారుడికి చెప్పి వచ్చాము.

ఆచరించవలసినవి

1. పిల్లలను 'మొద్దు', 'బుద్ధిలేనివాడు' అని పిలవకండి. పాఠం రాకపోతే నిద్ర, ఆహారం, చూపు, వినికిడి, భయం - ఈ ఐదింటినీ ముందు పరిశీలించండి.

2. నేర్చినదాన్ని అదే రోజు ఒకసారి, మరునాడు ఒకసారి, వారం తరువాత ఒకసారి, నెల తరువాత ఒకసారి పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోండి.

3. అర్థం తెలుసుకోకుండా ముందుకు పోకండి. నేర్చినదాన్ని మరొకరికి చెప్పండి. చెప్పలేకపోతే ఇంకా రాలేదని గ్రహించండి.

4. ఇషా తరువాత త్వరగా నిద్రపోండి. ఫోన్‌ను పడకకు దూరంగా ఉంచండి.

5. ప్రతి రోజూ నడవండి. రక్తపోటు, మధుమేహం అదుపులో ఉంచుకోండి. పొగాకు మానండి.

6. వయసు ఏదైనా కొత్తది ఒకటి నేర్చుకుంటూ ఉండండి. తెలుగు మాత్రమే వచ్చినవారు ఉర్దూ లేదా అరబీ అక్షరాలు, ఉర్దూ మాత్రమే వచ్చినవారు తెలుగు అక్షరాలు మొదలుపెట్టవచ్చు.

7. ఇంట్లోని వృద్ధులను మాటల్లో కలుపుకోండి. వారికి తెలిసిన పాత సంగతులు అడగండి.

ఒక వ్యక్తి ఒంటెను కట్టాలా లేక అల్లాహ్‌పై నమ్మకంతో వదిలేయాలా అని అడిగినప్పుడు, ముందు కట్టి ఆ తరువాత అల్లాహ్‌ను నమ్ముకోమని ప్రవక్త (స) బోధించిన సంగతి తిర్మిజీ గ్రంథంలో ఉంది. బుద్ధి విషయంలోనూ మన బాధ్యత ఇంతే. దుఆ చేద్దాం. దానితోపాటు రోజూ తాడు కడదాం. పిల్లల చేతికి ఇంకా తాడు కట్టటం రాకపోతే ఓపికగా నేర్పుదాం. వృద్ధుల చేతిలో ఆ తాడు జారిపోతుంటే రెండో కొసను మనం పట్టుకుందాం. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.